పరంగిమలై మెట్ల మీద ఒక శుక్రవారం

తిరుపతి వాళ్ళకి కొండ ఎక్కడం కొత్తేమీ కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిపోయే భక్తులను చిన్నప్పటి నుంచి చూస్తూనే పెరిగాం. అందుకే చెన్నై సెయింట్ థామస్ మౌంట్‌కి, అంటే పరంగిమలైకి, 130 పైచిలుకు మెట్లే అని చెబితే మా అమ్మ "అంతేనా?" అంది. కొండ ఎత్తు కూడా ఓ 300 అడుగులు, అంతే. అయినా ఆ కాసిని మెట్లకే మాకు గంటన్నర పట్టింది. మళ్ళీ వెళ్ళినా అంత సేపూ తీసుకుంటాం.

ఇది అమ్మ మొక్కు. మూడేళ్ళ కిందట నాయనకి గుండె ఆపరేషన్ అయినప్పుడు, లేచి తిరిగితే ఇద్దరం కలిసి ఏసు శిష్యుడు తోమా (థామస్) గారి కొండ ఎక్కుతామని మొక్కుకుంది. 1986 ఫిబ్రవరి 5న పోపు రెండో జాన్ పాల్ గారు ఆ కొండకి వచ్చినప్పుడు మా అవ్వ మద్రాసు వెళ్ళి, జనంలో నిలబడి దూరం నుంచి ఆయన్ని చూసొచ్చింది. ఆ కథ మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది. డాక్టరు గారు "మెల్లగా ఎక్కండి, ఏం కాదు" అన్నాక, తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాల్లో, ఒక శుక్రవారం చూసి బయలుదేరాం.

తిరుపతి నుంచి రైలే మేలు. బస్సులు ఎక్కువగా మాధవరం బస్టాండు దగ్గర దింపేస్తాయి. అది ఊరికి ఉత్తరం కొస, కొండేమో దక్షిణం కొస. పెద్దవాళ్ళతో, సామానుతో మధ్యలో ఊరంతా దాటడం కష్టం. రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా సుమారు మూడున్నర గంటల్లో సెంట్రల్‌లో దిగుతాం. స్టేషన్ పక్కనే మెట్రో ఉంది. గ్రీన్ లైన్ ఎక్కితే చివరి స్టేషన్ సెయింట్ థామస్ మౌంటే కాబట్టి ఎక్కడా మారే పని లేదు. లిఫ్టు, ఏసీ, కూర్చోవడానికి చోటు అన్నీ ఉన్నాయి. నాయన కిటికీ పక్కన కూర్చుని కోయంబేడు, వడపళని ఒక్కోటీ చదువుకుంటూ వచ్చాడు.

బసలో మాత్రం మొదట పొరపాటు చేశాం. రైలు దిగగానే పడుకోవచ్చని సెంట్రల్ దగ్గరే ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. లిఫ్టు ఉందని ఫోన్‌లో చెప్పారు. వెళ్ళాక చూస్తే అది పనిచేయడం లేదు, గది మూడో అంతస్తులో. గుండె పేషెంటు అని చెప్పినా కింద గది ఇవ్వలేదు. నాయన మూడు చోట్ల ఆగి ఆగి ఎక్కుతుంటే నాకు ఒకటే టెన్షన్. మర్నాడే గిండీ వైపు మారిపోయాం. అక్కడ గదులు కాస్త ఖరీదే, రోజుకు 2,000 దాకా అయింది. కానీ పొద్దున్నే ఆటోలో పావుగంటలో కొండ కిందికి చేరిపోయాం. పెద్దవాళ్ళు వెంట ఉంటే గిండీ, ఆలందూరు వైపే చూసుకోండి. సెంట్రల్ దగ్గర గది తీసుకుంటే వంద రూపాయలు మిగులుతాయేమో గానీ పొద్దుటి వేళ కాస్తా ప్రయాణంలోనే పోతుంది.

పొద్దుటి వేళ ఎందుకంటే, ఎండెక్కితే ఆ రాతి మెట్లు కాలిపోతాయి. మేము ఆరున్నరకల్లా కింద ద్వారం దగ్గర ఉన్నాం. కొండ మీదికి కారు, ఆటో వెళ్ళే రోడ్డు ఉంది. ఆటో ఆయన అటే తిప్పబోయాడు. అమ్మ వద్దంది. నడవలేని వాళ్ళకి ఆ రోడ్డు ఎంతో ఉపకారం. కానీ నడవగలిగిన వాళ్ళు మెట్ల దారినే వెళ్ళాలని నేను గట్టిగా చెబుతాను.

ఆ మెట్లు 1726లో కట్టించింది పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వర్తకుడు. సైదాపేటలో అడయారు నది మీద తొలి వంతెన కట్టించింది కూడా ఈయనే. ఎక్కడి ఆర్మేనియా, ఎక్కడి మద్రాసు! వ్యాపారానికి వచ్చిన మనిషి, ముసలీ ముతకా ఎక్కడానికి కష్టపడుతున్నారని తన డబ్బుతో రాళ్ళు పరిపించాడు. మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటాయి. నాయన చెయ్యి పట్టుకోకుండానే ఎక్కాడు.

దారి పొడుగునా, ఏసు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ ఆగి ప్రార్థించే సిలువ మార్గం 14 స్థలాలు ఉన్నాయి. అమ్మ సంచిలోంచి పాత ప్రార్థనల పుస్తకం తీసింది. అట్ట ఊడిపోయి దారంతో కుట్టిన పుస్తకం, అవ్వది. ఒక్కో స్థలం దగ్గర నిలబడి తెలుగులో చదివింది. మాకు ముందు ఒక తమిళ కుటుంబం, వాళ్ళు తమిళంలో చదువుకుంటున్నారు. మూడో స్థలం దగ్గర వాళ్ళ పెద్దావిడ ఆగి, మేము వచ్చేదాకా చూసింది. అక్కడి నుంచి రెండు కుటుంబాలూ కలిసే ఎక్కాం. వాళ్ళు ఒక వాక్యం, మేము ఒక వాక్యం. వాళ్ళది మాకు సగమే అర్థమైంది, మాది వాళ్ళకి అదీ కాలేదేమో. మోకరించే చోట మాత్రం అందరం ఒకేసారి మోకరించాం. పన్నెండో స్థలం దగ్గర నాయన కళ్ళు తుడుచుకున్నాడు. అలాంటి విషయాలు ఆయన పైకి చెప్పే మనిషి కాదు.

పైన నిరీక్షణ మాత గుడి (మరియ మాత చర్చి) చాలా చిన్నది. తెల్లగా, నిరాడంబరంగా ఉంటుంది. పోర్చుగీసు వాళ్ళు 1523లో కట్టారు. పరంగి అంటే తెల్లవాళ్ళు, వాళ్ళ వల్లే ఈ కొండకి పరంగిమలై అని పేరు. మన దగ్గర బొప్పాయిని పరంగికాయ అంటాం కదా, ఆ పరంగే ఇదీ.

లోపల చూడవలసింది పీఠం వెనక ఉన్న రాతి సిలువ. 1547లో ఇక్కడ తవ్వుతుంటే దొరికింది. దగ్గరికి వెళ్ళి నిదానంగా చూడండి. సిలువ కొసలు మొగ్గల్లా విచ్చుకుని ఉంటాయి, పైన ఒక పావురం తల కిందికి పెట్టి దిగుతున్నట్టు ఉంటుంది. చుట్టూ కమానులా ఉన్న అంచు మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. అది పహ్లవీ, అంటే పాత పర్షియా భాష. ఆ సిలువను తోమా గారే చెక్కారని, క్రీస్తు శకం 72లో ఈ కొండ మీదే ఆయన ప్రాణం విడిచారని భక్తుల నమ్మకం. 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుండగా సిలువ రక్తం చెమర్చిందని చెబుతారు. ఇక్కడ పండగ కూడా ఆ తేదీనే. సువార్తికుడు లూకా గారు గీశారని చెప్పే మరియ మాత చిత్రం కూడా గుడిలోనే ఉంది. అమ్మ సిలువ ముందు కూర్చుని జపమాల మొత్తం పూర్తి చేసింది. ఎవరూ లేవమనలేదు, జరగమనలేదు. అది నాకు ఎంతో నచ్చింది.

బయట నాయన కోసం వెతికితే ఒక విగ్రహం ముందు నిలబడి ఉన్నాడు. విలియం లాంబ్టన్. మన దేశం మొత్తాన్ని త్రికోణాలుగా కొలిచిన మహా సర్వేని మొదలుపెట్టింది ఈయనే, 1802 ఏప్రిల్ 10న ఈ కొండ దగ్గరే దానికి మొదటి కొలత గొలుసు వేశారు. సుమారు ఏడున్నర మైళ్ళ బేస్‌లైన్, అంటే మిగతా కొలతలన్నిటికీ ఆధారమైన గీత. ఆయన తర్వాత ఆ పనిని నడిపించిన వాడు జార్జ్ ఎవరెస్ట్, శిఖరానికి పెట్టింది ఆయన పేరే. మా నాయన మండల సర్వేయరుగా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు చిత్తూరు జిల్లా పొలాల్లో గొలుసు లాగించిన మనిషి. "ఎండకి గొలుసు సాగుతాదమ్మా, అది కూడా లెక్క కట్టాల. వీళ్ళు ఏడున్నర మైళ్ళు కొలిచినారు" అని నాకు చెబుతూ విగ్రహానికి చేతులు జోడించాడు. అమ్మకి సిలువ దగ్గర ఎంత సేపు పట్టిందో ఆయనకి ఇక్కడ అంత సేపు పట్టింది.

పై నుంచి చూస్తే విమానాశ్రయం, దిగుతున్న విమానాలు, చుట్టూ చెన్నై. బాత్రూములు మేము వెళ్ళిన రోజు శుభ్రంగా ఉన్నాయి. మంచినీళ్ళు, బిస్కెట్లు వెంట తీసుకెళ్ళడం మంచిది.

అదే రోజు చిన్నమలై (లిటిల్ మౌంట్), శాంతోమ్ కూడా చూశాం. లిటిల్ మౌంట్‌కి ఆలందూరులో బ్లూ లైన్ మారితే సరిపోతుంది. తోమా గారు తలదాచుకున్నారని చెప్పే గుహ అక్కడే. లోపల ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు జాగ్రత్త. అక్కడి నుంచి శాంతోమ్‌కి ఆటో. 1896లో పూర్తయిన పెద్ద గుడి, తోమా గారి సమాధి మీద కట్టింది. ఎత్తయిన గోపురం, రంగు అద్దాలు, ఎంతో అందం. అప్పటికే అలసిపోయి సమాధి దగ్గర పావుగంటే ఉండగలిగాం. మూడూ ఒకే రోజు పెట్టుకోకండి. శాంతోమ్‌కి వేరే రోజు కావాలి.

ఈసారి పండగకి, డిసెంబరు 18కే పోదామని తిరుగు రైల్లో పుత్తూరు దాటకముందే అమ్మ తేల్చేసింది. లాంబ్టన్ బేస్‌లైన్‌కి రెండో కొస పెరుంబాక్కం గుట్ట. అక్కడికి ఎలా వెళ్ళాలో కనుక్కోమని నాయన నా ఫోన్ అడిగి తీసుకున్నాడు.