రేడియోధార్మిక శాంపిల్ పెట్టె: ఆ గడియారం ముల్లు లేకపోతే బాగుండేది

రేడియోధార్మిక వస్తువులు సేకరించి, వాటి రేడియేషన్‌ని గైగర్ కౌంటర్‌తో (టిక్‌టిక్‌మని లెక్కపెట్టే మీటర్) కొలిచే హాబీలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం అని అమ్మే పెట్టె ఇది. ఇందులో యురేనియం గాజు పూస, పెట్రోమాక్స్ మాంటిల్ ముక్క, వెల్డింగ్ రాడ్, ఆటునైట్ రాయి (యురేనియం ఉన్న ఖనిజం), రేడియం పెయింట్ పూసిన పాత గడియారం ముల్లు ఉంటాయి. ఇదే సరుకు వేర్వేరు పేర్లతో దొరుకుతోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. నా రేటింగ్ ఐదుకి మూడు.

పూస మాత్రం సూపర్. యూవీ టార్చి వేయగానే పచ్చగా వెలిగిపోతుంది. కానీ పెట్టెతో వచ్చిన కార్డు మీద "రేడియేషన్ వల్ల మెరుస్తుంది" అని అచ్చేశారు, అది తప్పు. గాజులోని యురేనియం సమ్మేళనం అతినీలలోహిత కాంతిని పీల్చుకుని ఆకుపచ్చ కాంతిగా వదులుతుంది, అంతే, రేడియోధార్మికతకీ దానికీ సంబంధం లేదు. టార్చి ఆపితే మెరుపు పోతుంది, కౌంటర్ టిక్‌టిక్ మాత్రం ఆగదు. వీళ్లిచ్చిన టార్చి 395 నానోమీటర్లది, సగం ఊదా వెలుగే కనిపిస్తుంది. 365 ది విడిగా కొనుక్కోండి. అయితే మాంగనీస్ కలిపిన పాత గాజు కూడా దాని కింద కాస్త పచ్చగా మెరుస్తుంది, అందుకే ఇంకెక్కడైనా గాజు కొనేటప్పుడు టార్చిని మాత్రమే నమ్మకుండా కౌంటర్ కూడా పెట్టి చూడాలి.

వెల్డింగ్ రాడ్ చూడ్డానికి కొనకి ఎర్ర రంగు పూసిన మామూలు పుల్ల. కానీ టంగ్‌స్టన్‌లో 2 శాతం దాకా రేడియోధార్మిక థోరియం ఆక్సైడ్ కలిసి ఉంటుంది, లోహంలోనే ఇరుక్కుపోయి ఉంటుంది కాబట్టి రాలదు, చేతికి అంటదు. కౌంటర్ పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఇంతకంటే నిశ్చింతైన శాంపిల్ లేదు. గ్రైండర్ మీద మాత్రం పెట్టకండి, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే అదే అసలు ప్రమాదం. ఈ మధ్య వచ్చే మాంటిల్స్ చాలావరకు రేడియోధార్మికత లేని యిట్రియంవి, వీళ్లు పంపింది నిజంగానే థోరియంది. మూసిన కవర్లో పెట్టి ఇచ్చారు, దాన్ని విప్పకుండానే కౌంట్ బాగా వస్తుంది.

ఆటునైట్ అందంగా ఉంది గానీ ప్యాకింగ్ దారుణం. ఈ ఖనిజంలోని నీరు గాలికి ఆరిపోయే కొద్దీ పొరలు పొరలుగా రాలుతుంది. అలాంటిదాన్ని మూత వదులుగా ఉన్న డబ్బీలో పెట్టారు, అడుగున పసుపు పొడి అప్పటికే చేరింది. గ్లవ్స్ వేసుకుని డబ్బీ మార్చాల్సి వచ్చింది.

ఇక ముల్లు. దాని పెయింట్‌లో ఉన్న రేడియం-226 అర్ధాయుష్షు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) సుమారు 1600 ఏళ్లు. దాంతో కలిపిన, వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ ఎప్పుడో పాడైపోయింది కాబట్టి ఇప్పుడది చీకట్లో మెరవదు, చూసేవాళ్లకి దాని పవర్ అయిపోయినట్టే అనిపిస్తుంది. రేడియం మాత్రం దాదాపు అంతా అలాగే ఉంది, పైగా దాన్నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక గ్యాస్ వస్తూ ఉంటుంది. ఆ పెయింట్ పెళుసు, గీరుకుంటే చాలు పొడవుతుంది. కడుపులోకి వెళ్తే శరీరం దాన్ని కాల్షియంలా ఎముకల్లో దాచుకుంటుంది. 1920ల నాటికి అమెరికాలో బ్రష్ మొనని పెదాలతో సన్నం చేసుకుంటూ డయల్స్‌కి రంగు వేసిన అమ్మాయిలకి దవడ ఎముకలు కుళ్లిపోయింది దీనివల్లే. అలాంటిదాన్ని కొత్తవాళ్ల పెట్టెలో, పల్చటి ప్లాస్టిక్ సంచీలో వేసి పంపడం ఏంటో!

ఇంకో చిరాకు కార్డు మీద వేసిన మైక్రోసీవర్ట్ (శరీరానికి తగిలే రేడియేషన్ డోసు కొలత) అంకెలు. మామూలు గైగర్ కౌంటర్ ఆ లెక్కని సీజియం-137 గామా కిరణాలని అనుకుని కడుతుంది. మన పూస నుంచి కౌంటర్ ట్యూబ్‌కి చేరేది ఎక్కువగా బీటా కణాలు, వాటినీ గామాలాగే లెక్కేయడం వల్ల డోసు అసలుకంటే ఎక్కువ కనిపిస్తుంది. మధ్యలో 4 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక అడ్డం పెట్టి చూడండి, కౌంట్ ఎంత పడిపోతుందో తెలుస్తుంది. అందుకే కొత్తవాళ్లు ఆ పెద్ద అంకె చూసి టెన్షన్ పడక్కర్లేదు, నిమిషానికి ఎన్ని కౌంట్లో రాసుకుని ఒకే దూరం నుంచి పోల్చుకుంటే సరిపోతుంది.

ఏ శాంపిల్ ఎంతవరకు ఇంట్లో ఉంచుకోవచ్చో ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, ఆర్డర్ పెట్టే ముందే చూసుకోండి. ముల్లు సంగతి అమ్మినవాళ్లకి రాస్తే, అడిగితే అది తీసేసి ఇంకో గాజు పూస వేస్తామన్నారు. కొనేవాళ్లు ఆర్డర్‌తో పాటే ఆ మాట రాయండి, ఆటునైట్‌ని సీల్ చేసిన డబ్బీలో పంపమని కూడా చెప్పండి.