రిమినీ స్ట్రీట్ ఒరాకిల్ సపోర్టు: ధర సగమే, కానీ కాపీ ఎవరి సర్వర్‌లో ఉంది?

ఒరాకిల్ డేటాబేస్ కొన్న కంపెనీకి అసలు మంట లైసెన్సు ధర దగ్గర కాదు, ఏటా వచ్చే సపోర్టు బిల్లు దగ్గర. లైసెన్సుకి కట్టిన సొమ్ములో 22 శాతం, ప్రతి ఏడాదీ. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ లిస్టు ధర ప్రాసెసర్‌కి 47,500 డాలర్లు, దాని మీద సపోర్టు 10,450. మామూలు 16 కోర్ల ఇంటెల్ సర్వర్ తీసుకుంటే కోర్ ఫ్యాక్టర్ (కోర్లని లైసెన్సులుగా లెక్కకట్టే ఒరాకిల్ గుణకం) 0.5 చొప్పున 8 లైసెన్సులు, అంటే ఏటా 83,600 డాలర్లు. బేరమాడి కొన్నవాళ్లకి ఇంతకన్నా తగ్గుతుంది. పార్టిషనింగ్, డయాగ్నస్టిక్స్ ప్యాక్ లాంటి అదనపు ఆప్షన్లు కలిపితే పెరుగుతుంది.

లాస్ వేగాస్‌లో 2005లో మొదలైన రిమినీ స్ట్రీట్ ఈ బిల్లులో సుమారు సగానికే సపోర్టు ఇస్తానంటుంది. మీరు వాడుతున్న వెర్షన్‌ని కాంట్రాక్టు నాటి నుంచి కనీసం 15 ఏళ్లు చూసుకుంటామనీ, అప్‌గ్రేడ్ చేయమని ఒత్తిడి పెట్టమనీ మాట ఇస్తుంది. 11జీ, 12సీ లాంటి పాత ఒరాకిల్ వెర్షన్ మీద పదేళ్లుగా కదలకుండా నడుస్తున్న సిస్టమ్ ఉన్నవాళ్లకి ఇది చెవికి ఇంపైన మాటే. ఒరాకిల్ దగ్గర ఆ వెర్షన్లు సస్టైనింగ్ సపోర్టులో ఉన్నాయి. డబ్బు పూర్తిగా కట్టినా కొత్త సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు.

ముందుగా సర్వీసు సంగతి. మీకంటూ ఒక సీనియర్ ఇంజనీరుని కేటాయిస్తారు. టికెట్ పెడితే మొదటి మెట్టు వాడు చదివి, రెండో మెట్టు వాడికి తోసి, అదే లాగ్ మూడుసార్లు అడిగే తంతు ఇందులో తక్కువ. డేటాబేస్ కన్నా దాని చుట్టూ రాసుకున్న మీ సొంత కోడ్ తేడా చేసినప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది. 'అది మీ కస్టమ్ కోడ్, మా పరిధి కాదు' అని టికెట్ మూసేయరు.

ఇక అందులో ఏముండదో చూద్దాం. ఓఆర్ఏ-00600 (డేటాబేస్ అంతర్గత ఎర్రర్) వచ్చిందనుకోండి. ఒరాకిల్ అయితే ట్రేస్ ఫైలు తీసుకుని, బగ్ నంబరు తేల్చి, అవసరమైతే ఓప్యాచ్ అనే టూల్‌తో వేసుకునే వన్-ఆఫ్ ప్యాచ్ (ఆ ఒక్క బగ్‌కే సవరణ) ఇస్తుంది. రిమినీ లాంటి మూడో పక్షానికి అది కుదరదు. డేటాబేస్ కెర్నల్ సోర్స్ కోడ్ వాళ్ల చేతిలో లేదు, ఉండకూడదు కూడా. వాళ్లు ఇచ్చేది దారి మళ్లింపు: క్వెరీ ఏ దారిలో నడవాలో చెప్పే ప్లాన్ బేస్‌లైన్, హింట్, తిరగరాసిన క్వెరీ, లేదంటే _ఫిక్స్_కంట్రోల్ లాంటి దాచిన పారామీటర్. రోజువారీ గొడవల్లో చాలావాటికి ఇది సరిపోతుంది. బ్లాక్ కరప్షన్ (డేటా బ్లాకులు పాడవడం) తెచ్చే బగ్ తగిలితే మాత్రం సరిపోదు. సెక్యూరిటీదీ అదే వరస. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో వచ్చే క్రిటికల్ ప్యాచ్ అప్‌డేట్‌కి బదులు 'వర్చువల్ ప్యాచింగ్' అంటారు. అంటే సర్వర్ మీద కూర్చున్న ఏజెంటు అనుమానాస్పద క్వెరీని అడ్డుకుంటుంది, లోపల రంధ్రం అలాగే ఉంటుంది. ఆడిటర్ 'ప్యాచ్ ఎప్పుడు వేశారు' అని తేదీ అడిగే బ్యాంకులో ఈ జవాబు నిలబడదు.

ఇంతవరకూ బ్రోషర్ చదివినా తెలుస్తుంది. ఈ సర్వీసు ఇవాళ ఇలా ఎందుకుందో తెలియాలంటే మాత్రం నెవాడా ఫెడరల్ కోర్టులో 2010 జనవరిలో ఒరాకిల్ వేసిన దావా చూడాలి. అంతకు ముందే ఇలాంటి కథ ఒకటి నడిచింది. ఎస్ఏపీ 2005లో కొన్న టుమారోనౌ అనే కంపెనీ ఇదే వ్యాపారం చేసింది. ఒరాకిల్ 2007లో దావా వేసింది, ఎస్ఏపీ 2008లో ఆ కంపెనీని మూసేసింది. 2010లో జ్యూరీ 130 కోట్ల డాలర్లు కట్టమంది. జడ్జి దాన్ని తగ్గించాక, అప్పీళ్లు తిరిగి 2014లో 35.67 కోట్ల దగ్గర తెగింది. రిమినీ స్థాపకుడు సేథ్ రావిన్ అంతకు ముందు పనిచేసింది ఆ టుమారోనౌలోనే.

మూడో పక్షం సపోర్టు ఇవ్వడం తప్పని ఏ కోర్టూ అనలేదు. గొడవంతా కాపీ ఎక్కడ పెట్టారన్న దాని మీదే. రిమినీ కస్టమర్ల పీపుల్‌సాఫ్ట్‌ని (ఒరాకిల్ అమ్మే హెచ్ఆర్, ఫైనాన్స్ సాఫ్ట్‌వేర్) తన సర్వర్లలో నిలబెట్టుకుంది. కస్టమర్ లైసెన్సు చూస్తే సాఫ్ట్‌వేర్‌ని 'కస్టమర్ సొంత ఆవరణలోనే' వాడాలని ఉంది. పైగా ఒకరి కాపీ మీద తయారుచేసిన అప్‌డేట్‌ని మిగతావాళ్లకీ పంచారు. కోర్టు భాషలో దాని పేరు క్రాస్-యూజ్. అద్దె ఇంటి తాళంచెవి పనిమనిషికి ఇవ్వొచ్చు, ఆమె దాంతో డూప్లికేటు చేయించి వీధంతా పంచకూడదు, అంతే తేడా.

డేటాబేస్ సంగతి ఇంకా సూటిగా తేలింది. రిమినీ ఒరాకిల్ డేటాబేస్‌ని ఓటీఎన్ (ఒరాకిల్ టెక్నాలజీ నెట్‌వర్క్) డెవలపర్ లైసెన్సు కింద దించుకుని సపోర్టు పనికి వాడింది. అమీర్‌పేటలో డీబీఏ (డేటాబేస్ అడ్మిన్) కోర్సు చేసిన ఎవరికైనా ఆ పేజీ తెలుసు: షరతులకి ఒప్పుకుంటున్నానని టిక్ పెట్టి జిప్ దించుకోవడమే. ఆ షరతులు డెవలప్‌మెంట్‌కి, ప్రోటోటైప్‌కి మాత్రమే అనుమతిస్తాయి, డబ్బు తీసుకుని చేసే సపోర్టుకి కాదు. 2014లో జ్యూరీ దాకా వెళ్లకుండానే జడ్జి దీన్ని ఉల్లంఘనగా తేల్చారు. మనలో ఎంతమంది అదే డౌన్‌లోడ్‌తో ఆఫీసు యూఏటీ (యూజర్ల టెస్టింగ్) సర్వర్ నడిపిస్తున్నామో ఒకసారి లెక్కేసుకోవచ్చు.

2015 అక్టోబరులో జ్యూరీ 93 కాపీరైటు రచనల ఉల్లంఘన తేల్చింది, అయితే అది తెలియక చేసిందేనని అంది. కాపీరైటుకి 3.56 కోట్ల డాలర్లు, కంప్యూటర్ చట్టాల కింద ఇంకో 1.44 కోట్లు. ఆ రెండోదాన్ని 2018లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. 2019 మార్చి 4న అమెరికా సుప్రీంకోర్టు, నిపుణుల ఫీజుల్లాంటి ఖర్చుల కింద పడ్డ 1.28 కోట్ల డాలర్లు చెల్లవని ఏకగ్రీవంగా చెప్పింది. డబ్బు సంగతి అంతటితో ఒక కొలిక్కి వచ్చింది కానీ నిషేధాజ్ఞ మిగిలింది: ఒరాకిల్ డేటాబేస్‌ని రిమినీ కాపీ చేయకూడదు, పంచకూడదు, దాని నుంచి మరో రచన తయారు చేయకూడదు. దాన్ని అతిక్రమించినందుకు 2022లో ఇంకో 6.3 లక్షల డాలర్ల శిక్ష పడింది.

కాబట్టి ఇప్పుడు వాళ్ల ఇంజనీరు మీ సర్వర్‌లోకి రిమోట్‌గా లాగిన్ అయి, పనంతా అక్కడే చేయాలి. దాని బరువు మీ మీద కూడా పడుతుంది. వీపీఎన్, జంప్ సర్వర్, ప్రొడక్షన్‌ని పోలిన టెస్టు డేటాబేస్ అన్నీ మీరే సిద్ధం చేయాలి. ప్రతి ఫిక్సూ మీ దగ్గరే పరీక్షించాలి కాబట్టి పక్క కస్టమర్‌కి నిన్ననే చేసిన పని అయినా మీకు మళ్లీ మొదటి నుంచే జరుగుతుంది. ఆలస్యం ఎక్కడ వస్తుందంటే ఇక్కడే, ఫోను ఎత్తడంలో కాదు.

జనం జారిపడే చోటు ఇంకొకటుంది. ఇంజనీరు 'స్కీమా పంపండి' అనగానే అలవాటు కొద్దీ ఎక్స్‌పీడీపీ (డేటా ఎగుమతి కమాండు) కొట్టి డంప్ పంపేస్తారు. అది ఒరాకిల్ అప్లికేషన్ ఈ-బిజినెస్ సూట్ స్కీమా అయితే ఆ డంప్‌లో మీ డేటాతో పాటు ఒరాకిల్ రాసిన ప్యాకేజీ బాడీలు కూడా వెళ్తాయి. అంటే ఒరాకిల్ కోడ్ కాపీ వాళ్ల మిషన్‌కి చేరినట్టే. తప్పనిసరైతే కంటెంట్=డేటా_ఓన్లీ పెట్టి కావలసిన టేబుళ్లే పంపాలి, అదీ డేటా మాస్క్ చేశాక. ఒరాకిల్ హోమ్‌ని (సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోల్డరు) టార్ చేసి పంపడం, ఆర్‌మ్యాన్ (ఒరాకిల్ బ్యాకప్ టూల్) బ్యాకప్ పంపడం అసలు వద్దు. ట్రేస్ ఫైలు, అలర్ట్ లాగ్, ఏడబ్ల్యూఆర్ (డేటాబేస్ పనితీరు) రిపోర్టుతో ఈ పేచీ లేదు. కానీ ట్రేస్‌లో బైండ్ విలువలుగా కస్టమర్ల వివరాలు కనబడొచ్చు, చూసుకుని పంపండి.

2024 డిసెంబరు 16న వచ్చిన తొమ్మిదో సర్క్యూట్ తీర్పు రిమినీకి కొంత ఊపిరి పోసింది. ఒక ప్రోగ్రామ్ ఒరాకిల్‌తో మాత్రమే పనిచేస్తుందన్న ఒక్క కారణంతో అది ఒరాకిల్ రచన నుంచి పుట్టిన రచన అయిపోదని చెప్పింది. ఒరాకిల్ మీద స్క్రిప్టులు రాసే ప్రతివాళ్లకీ పనికొచ్చే మాట అది. 2025 జులైలో ఇద్దరూ రాజీపడ్డారు. రాజీలో భాగంగా పీపుల్‌సాఫ్ట్ సపోర్టుని 2028 జులై 31 లోపు ఆపేయడానికి రిమినీ ఒప్పుకుంది. డేటాబేస్ సపోర్టు కొనసాగుతుంది.

మారాలనుకుంటే రెన్యువల్ తేదీకి నాలుగు నెలల ముందే పని మొదలుపెట్టండి. గడువు దాటిన మర్నాటి నుంచి మై ఒరాకిల్ సపోర్టు సైటులో ప్యాచ్ దిగదు. మీ సొంత సీఎస్ఐ (కస్టమర్ సపోర్టు నంబరు), మీ సొంత లాగిన్‌తో, మీకు లైసెన్సు ఉన్న ప్రొడక్టులకి మాత్రమే, గడువులోపు వచ్చిన రిలీజ్ అప్‌డేట్లు, తగిన ఓప్యాచ్ వెర్షన్, టైమ్‌జోన్ ఫైళ్లు, జేడీకే ప్యాచ్‌లు దించి మీ స్టోరేజీలోనే పెట్టుకోండి. లైనక్స్ మార్చే ఆలోచన ఉంటే కొత్త ఓఎస్‌కి కావలసిన రిలీజ్ అప్‌డేట్ కూడా ముందే దించాలి. మర్చిపోయేది సరిగ్గా ఇదే. డౌన్‌లోడ్ పనిని వెండర్‌కి అప్పగించి, వాళ్ల బాట్‌కి మీ పాస్‌వర్డు ఇవ్వడం మంచిది కాదు. ఆటోమేటిక్ డౌన్‌లోడ్లు కూడా ఆ దావాలో ఒక ఆరోపణే. ప్రతి సర్వర్‌లో ఓప్యాచ్ ఎల్ఎస్ఇన్వెంటరీ (వేసిన ప్యాచ్‌ల జాబితా), డీబీఏ_ఫీచర్_యూసేజ్_స్టాటిస్టిక్స్ (వాడిన ఫీచర్ల జాబితా) ఫలితాలు తేదీ వేసి దాచండి. సపోర్టు వదిలేశాక ఒరాకిల్ లైసెన్సు ఆడిట్ నోటీసు వస్తే చేతిలో ఉండాల్సిన కాగితం అదే.

సగం లైసెన్సులకే సపోర్టు మానేసి మిగతావి ఉంచుకుందామనే ఉపాయం పారదు. ఒకే లైసెన్సు సెట్‌లోవన్నీ ఒకే సపోర్టు స్థాయిలో ఉండాలని ఒరాకిల్ షరతు. కాదని కొన్ని వదులుకుంటే మిగిలినవాటి ధర తిరిగి లెక్కకడతారు, తరచుగా మిగులు అక్కడే హరించుకుపోతుంది.

వెనక్కి రావాలంటే ఏమవుతుందో పై సర్వర్‌తోనే లెక్కేద్దాం. రెండేళ్లు బయట ఉంటే సగం ధర చొప్పున మిగిలింది 83,600 డాలర్లు. తిరిగి చేరడానికి ఆ రెండేళ్లకీ చివరి వార్షిక ఫీజుకి 150 శాతం, అంటే 2,50,800 డాలర్లు, ఆ పైన కొత్త ఏడాది సపోర్టు. రెండు మూడేళ్లలో క్లౌడ్‌కో కొత్త వెర్షన్‌కో వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఈ గడప తొక్కకపోవడమే మేలు. 19సీ వెర్షన్‌లో ఉన్నవాళ్లకీ తొందర లేదు, దాని ప్రీమియర్ (పూర్తిస్థాయి) సపోర్టు 2029 చివరిదాకా ఉంది. పాత వెర్షన్‌లో స్థిరపడి, ఉచిత డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కి మారేదాకా నాలుగైదేళ్లు నెట్టుకురావాలనుకునేవాళ్లకి ఇది సరైన బేరం. కాంట్రాక్టులో మాత్రం ఒక వాక్యం రాయించుకోండి: మా ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ కాపీ ఏదీ మీ మిషన్లలో ఉండదు, ఉన్నందువల్ల దావా వస్తే ఖర్చు మీదే.