జియో మెట్రో, జియో ప్రిజమ్: ఏది మేలు?

అమెరికాలో ఉంటూ పాత చిన్న కార్ల మీద మక్కువ పెంచుకున్న పాఠకులు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఎన్నడో కనుమరుగైన, జనరల్ మోటార్స్ వారి జియో (Geo) బ్రాండ్ కారును ఇప్పుడు కొని, అలంకారంగా నిలబెట్టకుండా రోజూ నడపాలనుకుంటే మెట్రో తీసుకోవాలా, ప్రిజమ్ తీసుకోవాలా అన్నది వారి సందేహం. చాలామంది ఈ రెండింటినీ మైలేజీతో, ధరతో, రూపంతో తూచి చూస్తారు. నా దృష్టిలో వీటన్నిటి కంటే ముందు చూడవలసింది ఆ కారును నిజంగా తయారు చేసిన సంస్థ ఏది, ఆ సంస్థ నేటికీ అమెరికా మార్కెట్లో ఉన్నదా అన్న విషయం.

జియో చరిత్రే ఈ ప్రశ్నకు దారి తీస్తుంది. జపాన్ కార్ల ధాటికి తట్టుకోలేక జనరల్ మోటార్స్ 1980ల నడుమ జపాన్ సంస్థలతోనే చేతులు కలిపి, సుజుకీ కారును స్ప్రింట్ అనీ, టొయోటా కారును నోవా అనీ, ఇసుజు కారును స్పెక్ట్రమ్ అనీ షెవర్లే పేరు మీద అమ్మింది. ఆ ఏర్పాటునే 1989 మోడళ్ల నుంచి జియో అన్న ప్రత్యేక బ్రాండు కిందికి తెచ్చి, షెవర్లే డీలర్ల వద్దనే అమ్మకానికి పెట్టింది. అంటే జియో కార్లన్నిటికీ పుట్టిల్లు మరొక సంస్థే. 1997 మోడళ్లతో ఆ బ్రాండుకు తెర పడింది, అప్పటికి మిగిలి ఉన్న మోడళ్లు తిరిగి షెవర్లే పేరుతో మరికొన్నేళ్లు నడిచాయి.

ప్రిజమ్‌ను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్, టొయోటా ఉమ్మడిగా నడిపిన నుమ్మీ కర్మాగారంలో తయారు చేశారు. అదే కర్మాగారంలో టొయోటా కరోలా కూడా తయారయ్యేది. ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్, బ్రేకుల వంటి ముఖ్య భాగాలు కరోలావే కావడం వల్ల, ప్రిజమ్ పేరు వినని మెకానిక్ సైతం దానికి పని చేయగలడు, విడిభాగాల దుకాణంలో ఆ తరం కరోలాకు దొరికేవి చాలావరకు దీనికీ సరిపోతాయి. అయితే ప్రిజమ్ పైరేకులు అమెరికా కరోలావి కావు. జపాన్‌లో అమ్మిన టొయోటా స్ప్రింటర్‌కు దగ్గరగా మలచినవి కనుక హెడ్‌లైట్లు, బంపర్లు, డోర్లు దెబ్బతింటే వెతుకులాట తప్పదు. ఇంత దగ్గరి బంధుత్వం ఉన్నా టొయోటా చిహ్నం లేదన్న ఒక్క కారణంగా పాత కార్ల మార్కెట్లో ప్రిజమ్ ధర కరోలా కంటే తక్కువే పలికింది. కొనేవారికి అంతకంటే అనుకూలత ఏముంటుంది?

మెట్రో సంగతి వేరు. ఇది సుజుకీ కల్టస్‌కు మరో రూపం. మన దేశంలో 1990లో వచ్చిన మారుతి 1000, దాని తరువాత వచ్చిన ఎస్టీమ్ కూడా ఆ కుటుంబంలోనివే కావడంతో తెలుగువారిలో కొందరికి ఆ డాష్‌బోర్డు చూడగానే పాత పరిచయం గుర్తుకు వస్తుంది. 993 సీసీ సామర్థ్యం, మూడు సిలిండర్లు, సుమారు 750 కిలోల బరువు దీని బలాలు. ఎక్స్‌ఎఫ్ఐ అనే రకానికి ఆనాటి ప్రభుత్వ లెక్కల్లో నగరంలో గ్యాలన్‌కు 53 మైళ్లు, హైవే మీద 58 మైళ్లు ఇచ్చారు, అంటే లీటరుకు 22 నుంచి 25 కిలోమీటర్ల దాకా. 2008లో పెట్రోలు గ్యాలన్ 4 డాలర్లు దాటినప్పుడు అంతవరకు ఎవరూ పట్టించుకోని పాత మెట్రోలకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది.

ఆ మైలేజీ వల్ల మిగిలేది ఎంతో లెక్క వేద్దాం. ఏడాదికి 10,000 మైళ్లు తిరిగే వ్యక్తికి మెట్రో గ్యాలన్‌కు 45 మైళ్లు, ప్రిజమ్ 30 మైళ్లు ఇస్తాయని అనుకుంటే, తేడా ఏడాదికి సుమారు 110 గ్యాలన్లు. అది చిన్న మొత్తమేమీ కాదు. కానీ మెట్రో ఇంజన్లలో పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోవడం పేరుమోసిన జబ్బు, హెడ్ (ఇంజన్ పైభాగం) విప్పి చేయించే ఆ పని కూలి ఒక్కటే ఆదా అయిన సొమ్మును మింగేస్తుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన బండ్లలోనైతే, ముందు చక్రాల కంట్రోల్ ఆర్ములు బాడీకి బిగిసే చోట తుప్పు పట్టి లోహమే మిగలని స్థితి కనబడుతుంది. అన్నిటికీ మించి, సుజుకీ 2012లో అమెరికాలో కార్ల అమ్మకం మానుకున్నది. మెట్రోను తయారు చేసిన, కెనడాలోని అంటారియోలో ఉన్న కామీ కర్మాగారంలో సుజుకీకి ఇప్పుడు వాటా లేదు. విడిభాగాల కోసం ఎవరి గుమ్మం ఎక్కాలన్న ప్రశ్న ఏటికేడు కఠినమవుతున్నది.

మిగిలిన జియో కార్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్టార్మ్ చూడ ముచ్చటైన కారే గానీ, దాన్ని రూపొందించిన ఇసుజు కూడా అమెరికాలో ప్రయాణికుల కార్లు ఎప్పుడో ఆపేసింది. ట్రాకర్ సుజుకీ జీపు, పొదుపు కోరేవారి అవసరం వేరు. స్పెక్ట్రమ్ జియో పేరుతో ఉన్నది ఒక్క 1989లోనే.

కనుక నా మొగ్గు ప్రిజమ్ వైపే, అందులోనూ 1993 నుంచి 1997 వరకు వచ్చిన రెండో తరం వైపు. 1.6 లీటర్ల ఇంజన్ నగరంలో చాలు, హైవే ప్రయాణాలు ఎక్కువైతే 1.8 లీటర్లది వెతకడం మంచిది. రెండింటిలోనూ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ పాడవదు. న్యాయంగా చెప్పాలంటే మెట్రో మూడు సిలిండర్ల ఇంజన్‌కూ ఆ సుగుణం ఉంది. పైగా దాని బానెట్ కింద చెయ్యి పెట్టడానికి కావలసినంత చోటు ఉంటుంది. పొడి వాతావరణం గల రాష్ట్రంలో ఉంటూ, హెడ్ విప్పి వాల్వులు మార్చే పని స్వయంగా చేసుకోగలిగినవారికి తుప్పు లేని మాన్యువల్ గేర్ల మెట్రో దొరికితే, వారు ప్రిజమ్ కోసం ఆగనవసరం లేదు.