విజయవాడలో అమ్మ పాటల పుస్తకం వేయించాం: ప్రెస్ గురించి నా అనుభవం

మా అమ్మ నలభై ఏళ్లుగా నోటుపుస్తకాల్లో రాసుకున్న మంగళహారతులు, పెళ్లిపాటలు, లాలిపాటలు పుస్తకంగా తేవాలని పోయిన ఏడాది విజయవాడలో ఒక ప్రెస్‌కి వెళ్లాం. అంతకుముందు వేరేచోట తమ్ముడి పెళ్లి శుభలేఖలు ఇస్తే, ప్రూఫ్ (తప్పులు చూసుకోవడానికి ఇచ్చే నమూనా ప్రింట్) చూపించకుండానే కొట్టేసి ‘లక్ష్మి’లో మ వత్తు ఎగిరిపోయిన కార్డులు చేతిలో పెట్టారు. అందుకే ఈసారి చాలా టెన్షన్ పడ్డాను. ఇక్కడ ఆ భయం మొదటి వారంలోనే పోయింది.

పాటలన్నీ నేను ఫోన్‌లో యూనికోడ్‌లో (ఫోన్లు, కంప్యూటర్లు అన్నిట్లో పనిచేసే అక్షరాల పద్ధతి) టైప్ చేసి ఇచ్చాను. చాలా ప్రెస్సుల్లో దాన్ని యూనికోడ్ కాని అను అనే పాత ఫాంట్లలోకి మార్చి, పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో పెడతారు, వత్తులు పోయేది ఎక్కువగా అక్కడే. వీళ్లు మార్చకుండా ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో మండలి అనే యూనికోడ్ ఫాంటుతో పేజీలు కట్టారు. డీటీపీ చేసిన అమ్మాయి ‘అర్ఘ్యం’, ‘లక్ష్మి’ లాంటి మాటలున్న పేజీలన్నీ విడిగా ప్రింట్ తీసి, “ముందు ఇవి చూడండి మేడం” అంది. రెండుసార్లు ప్రూఫ్ ఇచ్చారు, రెండోది అమ్మే కూర్చుని చదివింది. 12 పాయింట్ల అక్షరం కంటికి ఆనడం లేదంటే 14 చేశారు, దాంతో పుస్తకం 122 పేజీలైంది. ఫారానికి (ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచే పేజీల కట్ట) 16 పేజీల లెక్కన అచ్చువేస్తారు కాబట్టి 128కి వెళ్లాలి, ఆరు పేజీలు మిగిలాయి. వాటిని తెల్లగా వదిలేయడం ఎందుకండీ, పాటల మొదటి పాదాలతో అకారాది పట్టిక వేద్దాం అన్నది మేనేజర్ గారే. ఇప్పుడు మా ఇంటికి పేరంటానికి వచ్చినవాళ్లు ముందు తెరిచేది ఆ పేజీలే!

అట్ట మీది ఫొటోలో అమ్మ ఆకుపచ్చ చీర ఫోన్‌లో మెరిసినంతగా కాగితం మీద మెరవదని, నాలుగు రంగుల సిరాతో ఆ పచ్చదనం కాస్త తగ్గుతుందని ముందే చెప్పి, కలర్ ప్రూఫ్ చూపించాకే అచ్చువేసే ప్లేట్లు తీశారు. లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల బరువు) మ్యాప్‌లిథో కాగితం, కుట్టు బైండింగ్. జిగురు బైండింగ్ అయితే ఖర్చు తగ్గేది గానీ, దేవుడి దగ్గర తెరిచిపెట్టి పాడుకునే పుస్తకం దానంతటదే మూసుకుపోతే ఏం లాభం?

లోపాలూ ఉన్నాయి. చెప్పిన తేదీకి ఐదు రోజులు ఆలస్యం చేశారు. 500 కాపీల్లో 11 కాపీలకు ఒక ఫారం తలకిందులుగా కుట్టారు. వాట్సాప్‌లో ఫొటో పెట్టగానే మారు మాట లేకుండా కొత్తవి ఇచ్చారు, నిజమే, కానీ ప్రతి కాపీ తిప్పి చూసే పని నాకు పడకూడదు కదా, కట్టలు కట్టేముందు వాళ్లే చూసుకోవాలి.

మొన్న వెళ్తే కొత్తగా డిజిటల్ మెషీన్ పెట్టారు, ప్లేట్ల ఖర్చు లేదు కాబట్టి 50 కాపీలు కూడా వేస్తామన్నారు. అయితే 500 దాటితే మాత్రం ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్టే చవక పడుతుందని వాళ్లే చెప్పారు. పుస్తకం వేయించాలనుకుంటే దసరా లోపే ఇచ్చేయండి. ఆ తర్వాత సంక్రాంతి దాకా మెషీన్ల నిండా క్యాలెండర్లు, డైరీలే, మా ఐదు రోజుల ఆలస్యం కూడా అందువల్లే.