ఒకటో నంబరు గాలి: బ్లోవర్ రెసిస్టర్ మార్చిన మూడేళ్ల తర్వాత

మా కారులో నీకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏమిటని ఎవరైనా అడిగితే, బ్లోవర్ ఒకటో నంబరు అని చెబుతాను. బ్లోవర్ అంటే ఏసీ, హీటరు గాలిని లోపలికి తోసే ఫ్యాను, ఒకటో నంబరు దాని అన్నిటికన్నా తక్కువ వేగం. మైలేజీ గురించి, సీట్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మా అమ్మకు చెవిలోకి గాలి కొడితే ఆ రోజంతా తలనొప్పి. ఆవిడ పక్కన కూర్చుంటే గాలి వస్తోందా లేదా అన్నట్టు రావాలి. ఆ పని ఒకటో నంబరే చేస్తుంది. అది పోయినప్పుడు నాకు కారు సగం పోయినట్టు అనిపించింది. తిరిగొచ్చి మూడేళ్లయింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. బాగైన వారానికే రాసి ఉంటే ఇందులో సగం తప్పులే ఉండేవి.

మాది విశాఖపట్నం. డిసెంబరులో ఒక రోజు, మంచు చూద్దామని తెల్లవారుజామున మూడింటికి లంబసింగి బయలుదేరాం. నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డు ఎక్కాక అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టసాగింది. నాబు హీటరు వైపు తిప్పి, గాలి అద్దానికి మళ్లించి, ఫ్యాను ఒకటిలో పెట్టాను. చప్పుడు లేదు. రెండు, మూడు కూడా అంతే. నాలుగుకు తిప్పగానే ఒక్కసారిగా హోరుమంది. నిమిషంలో అద్దం తేటపడింది. కానీ ఘాట్‌లో మలుపు అవతల ఏముందో ముందు తెలిసేది చెవులకే. ఆ హోరులో ఎదురుగా వచ్చే బస్సు హారన్ నాకు వినిపించలేదు. లైట్లు మంచులోంచి బయటపడ్డాకే బస్సని తెలిసి పక్కకు తీశాను. ఫ్యాను ఆపేస్తే మూడు మలుపులు తిరిగేలోగా అద్దం మళ్లీ మసకబారేది. అమ్మ శాలువా చెవుల మీదుగా బిగించుకుని, "ఆపరా నాయనా, చెవి పోటెత్తుతోంది" అంది. పైకి చేరేదాకా ఫ్యాను వేస్తూ, ఆపుతూ, హారన్ వినడానికి కిటికీ అద్దం రెండు వేళ్ల మందం దించి నడిపాను. ఆ చలి ఇప్పటికీ గుర్తుంది.

తిరిగొచ్చాక ఒక సర్వీసు కేంద్రంలో చూపిస్తే బ్లోవర్ మొత్తం మార్చాలన్నారు. గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, కారు బానెట్ కూడా తెరవలేదు. "నాలుగు తిరుగుతోంది కదా బాబూ, మోటారు బతికే ఉంది. రెసిస్టర్ చూసుకో" అన్నారు. ఆ ఒక్క మాటతో నా ఖర్చు చాలా తగ్గింది.

ఆయన అలా ఎందుకన్నారో తర్వాత అర్థమైంది. రెసిస్టర్ అంటే కరెంటును అడ్డుకుని ఫ్యాను వేగం తగ్గించే తీగచుట్ల ముక్క. ఒకటో నంబరులో కరెంటు రెసిస్టర్‌లోని తీగచుట్లన్నీ దాటుకుని మోటారుకు చేరుతుంది. రెండులో అంతకన్నా తక్కువ చుట్లు, మూడులో ఇంకా తక్కువ. నాలుగులో రెసిస్టర్ ఊసే ఉండదు, బ్యాటరీ 12 వోల్టులూ నేరుగా మోటారుకే. అందుకని రెసిస్టర్ కాలిపోయినా నాలుగు మిగులుతుంది. మొదటి మూడూ ఒకేసారి పోతే, వేడెక్కినప్పుడు తెగిపోవడానికి అందులోనే పెట్టిన చిన్న ఫ్యూజును అనుమానించాలి. ఒకటి మాత్రమే పోయి రెండు, మూడు తిరుగుతుంటే ఒక చుట్టు తెగి ఉండవచ్చు, లేదా స్విచ్చిలో ఆ ఒక్క పాయింటు అరిగి ఉండవచ్చు. అదే నాలుగు పోయి మిగిలినవి ఉంటే రెసిస్టర్ జోలికి వెళ్లనక్కర్లేదు, స్విచ్చి, రిలే (పెద్ద కరెంటును కలిపి తెంచే చిన్న విద్యుత్ స్విచ్చి), ఆ వైర్లు చూడాలి.

తీయడం కష్టమేమీ కాదు. కారు తాళంచెవి తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాను. గ్లోవ్ బాక్సు ఖాళీ చేసి రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలింది. దాని వెనక గాలి గొట్టం గోడకు అరచేతిలో సగం ఉండే ముక్క, రెండు స్టార్ స్క్రూలతో బిగించి ఉంది. బయటికి లాగితే తీగచుట్లు గాలి దారిలోకి వేలాడుతున్నాయి. ఫ్యాను గాలే వాటిని చల్లబరచాలి కాబట్టి అక్కడ పెట్టారు. ఈ సంగతి అప్పుడు తలకెక్కి ఉంటే తర్వాతి తిప్పలు తప్పేవి. మీటరుతో కొలిచేవాళ్లకు ఒక మాట: ముందు రెండు మొనలూ ఒకదానికొకటి తాకించి చూడండి. నా మీటరు అలాగే 0.4 ఓం చూపించింది. ఈ చుట్ల విలువే ఒకటి రెండు ఓంలు ఉంటుంది కాబట్టి వచ్చిన కొలతలోంచి ఆ 0.4 తీసేయకపోతే లెక్క తప్పుతుంది. నా ఫ్యూజు మాత్రం ఏ సందేహమూ లేకుండా తెగిపోయింది.

350 రూపాయలకు ఒక రెసిస్టర్ దొరికింది. ఇరవై నిమిషాల్లో బిగించి నాబు ఒకటికి తిప్పాను. ఆ మెత్తని గాలి ముఖానికి తాకినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను. అమ్మను కిందికి పిలిచి, కూర్చోబెట్టి, ఏసీ వేసి చూపించాను. అపార్ట్‌మెంటులో అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ ఇరవై నిమిషాల పని, 350 రూపాయల ఖర్చు అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

అయిదు నెలలు గడిచాయి. మే నెల ఎండలో మూడో నంబరు మీద వెళ్తుంటే ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చి గాలి ఆగిపోయింది. మళ్లీ నాలుగే మిగిలింది. ఈసారి విప్పి చూస్తే రెసిస్టర్‌కు వచ్చే కప్లర్, అంటే వైర్ల చివర ఉండే ప్లాస్టిక్ ప్లగ్గు, పెనం మీద మాడిన అట్టు అంచులా గోధుమరంగుకు తిరిగింది. ఒక పిన్ను దానికి అతుక్కుపోయి ఊడి రాలేదు. గోటితో గీకితే ప్లాస్టిక్ పొడిపొడిగా రాలింది. రెసిస్టర్ నాసిరకమని కోపం వచ్చింది కానీ, తప్పంతా దానిదే కాదు. ఫ్యాను కిందికి దించి చూశాను. చక్రం నిండా ఎండిన వేప ఈనెలు, కొన్ని ఇరుసుకు తాడులా చుట్టుకుని ఉన్నాయి. కారు రోజూ మా వీధి వేపచెట్టు కిందే ఉంటుంది. మా మోడల్లో గాలిలో దుమ్ము పట్టే ఫిల్టరు ఫ్యాను తర్వాత ఉండడంతో చెత్త ముందు ఫ్యానులోనే పడుతుంది. చేత్తో గట్టిగా తిప్పితే చక్రం ఒక చుట్టు కూడా తిరగకుండా నిలిచిపోయింది. అలా బిగుసుకున్న మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ వేడి రెసిస్టర్ మీదా కప్లర్ మీదా పడుతుంది. చల్లబరచాల్సిన గాలేమో దుమ్ముపట్టిన ఫిల్టరు వల్ల తగ్గిపోయింది.

పెద్దాయన చెప్పినట్టు మోటారు బతికే ఉంది, కానీ ఆరోగ్యంగా లేదు. నేను ఆయన మాటలో మొదటి సగమే పట్టుకున్నాను.

రెండోసారి పనికి ఒక పూట పట్టింది. ఈనెలన్నీ ఏరేశాక చక్రం చేత్తో తిప్పితే అయిదారు చుట్లు దానంతట అదే తిరిగింది. ఫిల్టరు కొత్తది వేశాను. ఆయన చేత కొత్త కప్లర్ వేయించాను. వైర్లు మెలితిప్పి టేపు చుట్టకుండా, క్రింపు చేసి, అంటే చిన్న లోహపు ముక్కలో పెట్టి గట్టిగా నొక్కి, పైన స్లీవు (తొడుగు) ఎక్కించారు. కంపెనీ రెసిస్టర్ 900 రూపాయలు. ఫ్యూజు తీసేసి తీగ ముక్క వేస్తే మళ్లీ పోదని ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. కారులో మంట రాకూడదనే ఆ ఫ్యూజు పెట్టింది.

మూడేళ్లుగా నాలుగు నంబర్లూ తిరుగుతున్నాయి. ఒకటో నంబరు కొత్తలో ఉన్నంత నెమ్మది కాదేమోనని అప్పుడప్పుడు అనిపిస్తుంది, అమ్మ మాత్రం తేడా లేదంటుంది. మొన్నటి వేసవి నుంచి రెండో నంబరులో సన్నని కూత ఒకటి వస్తోంది. మోటారు రోజులు దగ్గరపడ్డాయేమో.

900 రూపాయల ముక్క అందరికీ మూడేళ్లు వస్తుందని చెప్పలేను. నాది నెలకు ఏడెనిమిది వందల కిలోమీటర్లు తిరిగే, చేత్తో తిప్పే నాబున్న కారు. సముద్రపు ఉప్పుగాలి పిన్నులను తినేస్తుంది కాబట్టి లోపలి ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం రావచ్చు. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో చాలావాటికి ఈ తీగచుట్ల రెసిస్టర్ బదులు ట్రాన్సిస్టర్ మాడ్యూలు అనే ఎలక్ట్రానిక్ ముక్క ఉంటుంది, వాటి జబ్బు లక్షణాలు వేరు. వారంటీ ఉన్న కారైతే కప్లర్ వైర్లు కోయించే ముందు వారంటీ కాగితం చదువుకోండి.

మళ్లీ డిసెంబరు వస్తోంది. లంబసింగి వెళ్దామని అమ్మే అంటోంది. బయలుదేరే ముందు గ్లోవ్ బాక్సు దించి, కప్లర్ ఊడదీసి రంగు చూడాలి, ఫ్యాను చక్రంలో వేప ఈనెలు ఏరాలి.