అమరావతి శిల్పాలు: చెన్నైలో చూడాలా, లండన్‌లో చూడాలా?

అమరావతిలోని పాత బౌద్ధ కట్టడం, మహాస్తూపం శిల్పాల్లో చాలా భాగం ఇప్పుడు అమరావతిలో లేదు. ఎక్కువగా రెండు చోట్లకి చేరాయి: చెన్నై ఎగ్మూర్ ప్రభుత్వ మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం. రెండూ పల్నాటి సున్నపురాయే, కానీ చూసే అనుభవం వేరు.

రాయిని దగ్గరగా, స్పష్టంగా చూడాలంటే లండనే. అక్కడ 33ఏ గదిలో అద్దాల వెనక, తేమ అదుపులో ఉంచి, మంచి వెలుతురులో పెట్టారు. ఒక పలకకి రెండు వైపులా చెక్కడం ఉంది. పాత వైపు బోధివృక్షం కింద బుద్ధుడికి గుర్తుగా ఉన్న ఖాళీ ఆసనానికి మొక్కుతున్న జనం, దాన్నే కొన్ని శతాబ్దాల తర్వాత తిరగేసి, రెండో వైపు సింహాలతో సహా మొత్తం స్తూపాన్నే చెక్కారు. స్తూపం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

కానీ నన్నడిగితే ముందు చెన్నై వెళ్లండి. బుద్ధుడి మీదకి వదిలిన నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక ఒక్కటి చాలు: మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వచ్చే ఏనుగు, అదే వృత్తంలో కాస్త పక్కన బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగు, పైన కిటికీల్లోంచి భయంభయంగా తొంగిచూసే ఆడవాళ్లు, ఇదంతా ఒకే గుండ్రటి రాతిలో! ఒకప్పుడు ఈ శిల్పాల్ని సిమెంటుతో గోడలకి బిగించి పాడుచేశారు, అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

లండన్‌లో ప్రవేశం ఉచితం. చెన్నైలో టికెట్ ఉంటుంది, శుక్రవారం సెలవు.