సెల్ఫ్ స్టార్ట్ పెట్రోలు ఇంజన్లు కొనేవారు, బాగు చేయించేవారు జాగ్రత్త

నీటి పంపుకో జనరేటరుకో బిగించి వాడే సెల్ఫ్ స్టార్ట్ పెట్రోలు ఇంజన్లు ఉన్నవారు, కొనబోతున్నవారు ఈ విషయాన్ని గమనించగలరు. కాలువ నీరు తోడేందుకు మేము కొన్న పంపు ఇంజన్ స్టార్టు కాకపోతే, అమ్మిన దుకాణంవారు బ్యాటరీ పోయిందంటూ కొత్తది అంటగట్టారు. అప్పటికీ ప్లగ్గులో స్పార్కు రాకపోయేసరికి, వారి మెకానిక్ ఆ బ్యాటరీ ప్లస్ వైరును తెచ్చి నేరుగా స్టాప్ స్విచ్ వైరుకు కలిపాడు. స్పార్కు పుట్టించే కాయిల్ కాలిపోయింది, దానికి వారంటీ వర్తించదని ఇప్పుడు చెబుతున్నారు.

ఈ తరహా ఇంజన్లలో చాలావాటికి బ్యాటరీ పని సెల్ఫ్ మోటారును తిప్పడం వరకే. ఫ్లైవీలులోని (ఇంజన్‌తోపాటు తిరిగే బరువైన చక్రంలోని) అయస్కాంతం కాయిల్ పక్కనుంచి తిరిగిన ప్రతిసారీ స్పార్కుకు కావలసిన కరెంటు అక్కడే పుడుతుంది కనుక, బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా తాడును గట్టిగా, వేగంగా లాగితే ఇంజన్ అందుకోవాలి. (ఈ పద్ధతినే మాగ్నెటో అంటారు. మెల్లగా లాగితే మాగ్నెటో స్పార్కు బలహీనంగా ఉంటుంది, ఆ ఒక్క విషయంలో బ్యాటరీ పద్ధతే మేలు.) బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచిన పాత బుల్లెట్ మోటారు సైకిళ్ల సంగతి వేరు, వాటిలో కాయిలుకు కరెంటు బ్యాటరీ నుంచే రావాలి.

అసలు ప్రమాదం స్విచ్ దగ్గర ఉంది. బ్యాటరీ ఇగ్నిషన్‌లో స్విచ్ ఆపితే కాయిలుకు వెళ్లే కరెంటు తెగిపోతుంది. మాగ్నెటోలో అలా కాదు, ఆ స్విచ్ కాయిల్ కరెంటును ఎర్తుకు, అంటే ఇంజన్ లోహపు బాడీకి దింపి ఇంజన్‌ను ఆపుతుంది. ఆయిల్ తగ్గితే ఇంజన్‌ను ఆపే సెన్సారు కూడా సాధారణంగా అదే పని చేస్తుంది. అటువంటి వైరులోకి 12 వోల్టులు పంపడమంటే కాయిల్‌ను చేజేతులా కాల్చడమే. తీరా మరొక మెకానిక్ విప్పి చూస్తే, ఫ్లైవీలు మూత అంచు కింద నలిగి, పైతొడుగు ఊడిన స్టాప్ వైరు బాడీకి తగులుతూ కనిపించింది. మొదటి రోజే అంగుళం ఇన్సులేషన్ టేపుతో సరిపోయే పని అది.

కనుక స్పార్కు లేదని ఎవరైనా అంటే, బ్యాటరీకి డబ్బు కట్టకముందే, కాయిల్ నుంచి స్టాప్ వైరును విడదీసి ప్లగ్గును పరీక్షించమనండి. అప్పుడు స్పార్కు వస్తే కాయిల్ బాగున్నట్లే, లోపం వైరులోనో స్విచ్‌లోనో సెన్సారులోనో ఉన్నట్లు. అయితే ఆ స్థితిలో ఇంజన్ స్టార్టయితే స్విచ్‌తో ఆగదు. పెట్రోలు కాక్ (ట్యాంకు నుంచి పెట్రోలు వదిలే కుళాయి) మూసి ఆపవలసి ఉంటుంది.